జాగ్రత్త: చెన్నై ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్) ‘సముద్ర ఈత’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

చెన్నైలో ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం, ముఖ్యంగా కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం అనుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ‘తొలిసారి సముద్రంలో ఈత, పూర్తి భద్రతతో’ అని ఫోన్‌లో ప్రకటన కనబడితే వెంటనే డబ్బు కట్టకండి. మొన్న ఆదివారం నాకు జరిగింది విని, ఆ తర్వాత ఆలోచించుకోండి.

నాకు ఈత వచ్చు. షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ పూల్‌లో ఆర్నెల్లు శ్రద్ధగా నేర్చుకున్నాను. మాది ఒంగోలు. చిన్నప్పుడు కొత్తపట్నం వెళ్తే అమ్మ మోకాలి లోతు దాటనిచ్చేది కాదు. ఆ కోరిక అలాగే ఉండిపోయింది. అందుకే ఆ ప్రకటన చూడగానే నాకూ తమ్ముడికీ కలిపి 4,800 కట్టేశాను. తలకు 2,400. శిక్షణ పొందిన లైఫ్‌గార్డులు, లైఫ్ జాకెట్, బీమా, టిఫిన్, డ్రోన్ ఫొటోలు, అన్నీ అందులోనే అన్నారు.

చోటు మాత్రం నిజంగా అందంగా ఉంది. ఆ మాట దాచను. సరుగుడు తోట దాటి ఇసుకలోకి దిగేసరికి ఇంకా చీకటి. ఆరు దాటాక సూర్యుడు నీళ్లలోంచి లేస్తుంటే, తడి ఇసుక మీద ఎర్రటి పీతలు బిలబిలా కన్నాల్లోకి పరిగెత్తాయి. ఇంకో మనిషి లేడు. ‘ప్రైవేట్ బీచ్ ఫీల్’ అని ప్రకటనలో రాసింది దీన్నే. మనిషి లేడంటే కాపాడేవాడూ లేడని ఆ క్షణాన నాకు తట్టలేదు.

లైఫ్‌గార్డులు అన్నవాళ్లు ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి చేతిలో డ్రోన్ రిమోట్, ఇంకొకడి చేతిలో ఫోన్. నీళ్లలోకి విసిరే ట్యూబ్ గానీ తాడు గానీ లేవు. నాకిచ్చిన జాకెట్‌కి మధ్య బకిల్ విరిగిపోయి ఉంది, దాని బదులు నైలాన్ దారంతో ముడేశారు. ఆ ముడి విప్పి చూపిస్తే, ‘ఈత వచ్చు కదా మేడమ్, తీసేయండి, ఫొటోలు కూడా బాగా వస్తాయి’ అన్నారు. తీసేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ డబ్బు తీసుకుని భద్రత అమ్మినవాళ్లు అనాల్సిన మాటేనా అది?

ఇంక అసలు సంగతి. కుడివైపూ ఎడమవైపూ అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. మధ్యలో ఓ పాతిక అడుగుల మేర నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి. ‘కొత్తవాళ్లకి అదే సేఫ్, అక్కడ అలలు లేవు’ అని మమ్మల్ని అందులోకే దింపారు. తమ్ముడు నడుము లోతులో ఆగిపోయాడు. నేను ముందుకెళ్లాను.

మొదటి రెండు నిమిషాలు మర్చిపోలేను. పూల్ నీళ్లకీ ఉప్పు నీళ్లకీ ఎంత తేడా! ఒళ్లు దానంతటదే తేలుతోంది. వెల్లకిలా పడుకుంటే చెవుల్లో సముద్రం హోరు, పైన గులాబీ రంగు ఆకాశం. ఇన్నేళ్లు దీనికా నేను దూరంగా ఉన్నది అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తల ఎత్తి చూస్తే ఒడ్డున వాళ్లేసిన ఎర్ర టార్పాలిన్ అగ్గిపెట్టెంత కనబడింది. నేను ఈదలేదు, నీళ్లే తీసుకుపోయాయి. ఒడ్డువైపు తిరిగి బలమంతా పెట్టి ఈదాను. ఓ ఇరవై బారలు వేసి చూసుకుంటే టార్పాలిన్ ఇంకా చిన్నదైంది. అప్పుడు పుట్టింది అసలైన భయం. నోట్లోకి ఉప్పు నీళ్లు పోయి అరుపు కూడా సరిగా రాలేదు.

నన్ను కాపాడింది ఆ కంపెనీ కాదు. దూరంగా వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన, జాలరి, పరిగెత్తుకొచ్చి చేయి అడ్డంగా ఊపుతూ అరిచాడు. ‘నేరా వరాదే! సైడ్‌ల వా!’ నేరుగా రావద్దు, పక్కకి రా అని. ఆయన చేయి చూపించిన దక్షిణం వైపు ఒడ్డుకి సమాంతరంగా ఈదాను. కాసేపటికి లాగడం ఆగింది. తర్వాత అలలే నన్ను ఒడ్డుకి తోశాయి. ఆ వచ్చిన ఆయనే నా కోసం దూకబోతున్న తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని ఆపేశాడట. అప్పటికీ ఆ ఇద్దరు కుర్రాళ్లు మోకాలి లోతు దాటలేదు.

ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా, ఇసుక దిబ్బల మధ్య పల్లం దొరికితే అందులోంచి కాలువలా లోపలికి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు, నున్నగా కనబడుతుంది. అంటే మమ్మల్ని సేఫ్ అని దింపిన చోటే అన్నిటికన్నా ప్రమాదమైన చోటు! అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాగుతుంది. ఎదురీదితే గెలవలేం, అలసిపోయి మునుగుతాం. దొరికిపోతే తేలుతూ ఉండాలి, చేయి ఎత్తి పిలవాలి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. అసలే ఇది ఈశాన్య రుతుపవనాల కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరంలో సముద్రం మామూలుగానే అల్లకల్లోలంగా ఉంటుంది.

కాబట్టి ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ అమ్మితే ఫొటోలు చూడకండి, ఒకటే అడగండి: నేను కొట్టుకుపోతే నీళ్లలోకి ఎవరు వస్తారు, చేతిలో ఏం పట్టుకుని వస్తారు? ఆ మనిషి పేరు, సర్టిఫికెట్, ట్యూబ్ మీ కళ్లతో చూడండి. బీమా ఉందంటే పాలసీ నంబర్ అడగండి, నేను అడిగితే ఇప్పటిదాకా ఇవ్వలేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, వెళ్లే రోజు అది చూసుకోండి. ఈత కొట్టి తీరాలంటే చెన్నైకి దక్షిణాన కోవళం బీచ్ ఉంది (కేరళది కాదు). దానికి 2021లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఆ గుర్తింపుకి లైఫ్‌గార్డులు, రక్షణ సామగ్రి ఉండాలన్నది ఒక షరతు. అక్కడైనా ఎర్ర జెండా ఉంటే దిగకండి. తీర పోలీసుల నంబర్ 1093, ఫోన్‌లో పెట్టుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే, ‘మీరు ఈత కొట్టారు కదా, సర్వీస్ అయిపోయింది’ అన్నారు. తర్వాత వచ్చే బ్యాచ్‌కి సగం ధర కూపన్ ఇస్తాం, రివ్యూ తీసేయండి అని బతిమాలారు. తియ్యను. ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, ఆ బకిల్ ఫొటో దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

ఆ సాయంత్రం తమ్ముడూ నేనూ బెసంట్ నగర్ వెళ్లాం. ఇలియట్స్ బీచ్‌లో తెల్లటి ష్మిట్ స్మారకం ఉంది కదా, ఎన్నోసార్లు దాని నీడలో కూర్చుని సుండల్ తిన్నాం. మొదటిసారి దానిమీద రాసింది చదివాం. 1930 డిసెంబర్ 30న ఇతరుల ప్రాణాలు కాపాడే ప్రయత్నంలో ఇక్కడే మునిగిపోయిన మనిషి జ్ఞాపకం అది. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. నేనూ వాడి చొక్కాకి జాలరి పట్టు వల్ల పడిన చిరుగునే చూస్తూ నిలబడ్డాను.

పౌర్ణమికి అమ్మ ఒంగోలు నుంచి వస్తోంది. సముద్ర స్నానం మానుకోం. కానీ ఒడ్డునే కూర్చుని చేస్తాం. ఇత్తడి చెంబు తెస్తానని అమ్మ ఫోన్‌లో చెప్పింది.