టెనర్, ఆర్గన్ కలిసిన సోల్ జాజ్: మూడింట్లో ఏది మేలు?

టెనర్ సాక్సఫోన్, హామండ్ ఆర్గన్ జోడీగా ఉన్న సోల్ జాజ్ (అమెరికా నల్లవాళ్ల బ్లూస్, చర్చి పాటల పోకడ కలిసిన జాజ్) ఆల్బమ్ ఒకటి వినాలని వెతికితే మూడు పేర్లు పదే పదే తగులుతాయి. జిమ్మీ స్మిత్ ‘బ్యాక్ అట్ ద చికెన్ ష్యాక్’, ఎడ్డీ లాక్‌జా డేవిస్ ‘కుక్‌బుక్’ మొదటి భాగం, ఐక్ క్విబెక్ ‘హెవీ సోల్’. మూడూ 1958కీ 1961కీ మధ్య న్యూజెర్సీలో రికార్డయ్యాయి. మూడింటికీ రికార్డింగ్ ఇంజినీరు రూడీ వాన్ గెల్డరే. అయినా వరసబెట్టి వింటే మూడూ ఒకే కోవవంటే నమ్మబుద్ధి కాదు. ఈ తేడా టెనర్ వాయించేవాణ్ని బట్టి వచ్చిందని చాలామంది అంటారు. నేను మాత్రం ముందు బేస్, అంటే అడుగున నడిచే మంద్రస్వరాలు, ఎవరు వాయిస్తున్నారో చూస్తాను.

దానికి ముందు వాయిద్యాల సంగతి రెండు ముక్కల్లో. సాక్సఫోన్ అనగానే మనలో చాలామందికి కద్రి గోపాల్‌నాథ్ గుర్తొస్తారు. ఆయనది ఆల్టో. టెనర్ దానికంటే పెద్దది, శ్రుతి కిందికి ఉంటుంది, మగవాడి గొంతుకు దగ్గరగా పలుకుతుంది. కరెంటుతో నడిచే కీబోర్డు హామండ్ ఆర్గన్ 1935లో మార్కెట్లోకి వచ్చింది. పైపు ఆర్గన్ కొనే స్తోమత లేని చర్చిలు దీన్ని తెచ్చుకున్నాయి, నల్లవాళ్ల చర్చిల్లో అది ఇంటి మనిషైపోయింది. జాజ్ వాళ్లు మోజుపడ్డ బీ-3 మోడల్ లోపల మోటారుతో తిరిగే 91 లోహపు చక్రాలుంటాయి. బరువు రెండు వందల కిలోలకు కాస్త తక్కువ. మెట్టు ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు, కాలికింది పెడల్‌తోనే పెంచాలి, తగ్గించాలి. మెట్టు తగిలినప్పుడల్లా చిన్నగా ‘టిక్’ మంటుంది. తయారుచేసినవాళ్లు దాన్ని లోపం అనుకున్నారు, జాజ్ వాళ్లు అదే ముద్దన్నారు.

అసలు చిక్కు ఇంకోటుంది. మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ఆర్గన్ స్వరం తగ్గకుండా సాగుతూనే ఉంటుంది. టెనర్ వాయించేవాడు మాత్రం ఊపిరి తీసుకోవాలి కదా. ఆర్గన్ వాయించేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోకపోతే పక్కనున్న టెనర్‌ని మింగేస్తారు. ఈ చిక్కును మూడు ఆల్బమ్‌లూ మూడు రకాలుగా విప్పుకున్నాయి.

‘చికెన్ ష్యాక్’ 1960 ఏప్రిల్ 25న రికార్డయింది. రికార్డు కంపెనీ బ్లూ నోట్. ఆర్గన్ మీద జిమ్మీ స్మిత్, టెనర్ స్టాన్లీ టరెంటీన్, గిటార్ కెన్నీ బరెల్, డ్రమ్స్ డొనాల్డ్ బెయిలీ. బేస్ పేరు కోసం చూస్తే దొరకదు. ఆ పని స్మిత్ ఎడమచెయ్యే చేస్తోంది. బీటుకో స్వరం చొప్పున ఆ చెయ్యి నడుస్తుంటే, పాదం కింది పెడల్‌ని అలా తాకి వదిలేసి స్వరం మొదట్లో చిన్న దెబ్బ ఇస్తుంది. వింటే నిజంగానే ఎవరో పెద్ద బేస్ తీగ మీటుతున్నట్టుంటుంది. ఇక కుడిచెయ్యి ఖాళీ. అది సోలో వాయిస్తుంది, టెనర్ వెనకాల తాళంగా పడుతుంది, బుద్ధి పుడితే ఒక స్వరాన్ని ఒక వేలితో నొక్కిపట్టి దాని మీదే మిగతా వేళ్లతో ఆటలాడుతుంది.

దీనివల్ల ఒక లాభముంది. బేసూ, పైన పడే కార్డులూ (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) ఒకే బుర్రలోంచి వస్తున్నాయి కాబట్టి టెనర్ కాస్త వెనక్కి వాలితే కిందున్నదంతా కలిసికట్టుగా వాలుతుంది. టైటిల్ ట్రాక్ వినండి. పన్నెండు బార్ల (ఆవర్తాల లాంటివి) మామూలు బ్లూస్, ఎనిమిది నిమిషాలు, ఎక్కడా తొందర లేదు. బెయిలీ డ్రమ్స్ ఉన్నాయా లేవా అన్నంత ఒద్దికగా ఉంటాయి. టరెంటీన్‌కి అప్పటికి ఇరవై ఆరేళ్లు. పిట్స్‌బర్గ్ కుర్రాడు, దళసరి గొంతు. స్వరాన్ని సూటిగా పట్టుకోకుండా కింది నుంచి జార్చుకుంటూ ఎక్కుతాడు. గమకాలు అలవాటైన చెవికి ఈ జారు ఇట్టే పట్టుబడుతుంది. మొదటిసారి జాజ్ వినే మనవాళ్లకు నేనీ ఆల్బమ్‌నే ఇవ్వడానికి సగం కారణం అదే.

రెండో పాట ‘వెన్ ఐ గ్రో టూ ఓల్డ్ టు డ్రీమ్’. సిగ్మండ్ రాంబర్గ్ 1930ల్లో ఒక సినిమా కోసం కట్టిన వాల్ట్జ్ అది. మూడు లెక్కల ఆ పాటను నాలుగు లెక్కల్లోకి తిప్పి దాదాపు పది నిమిషాలు వాయించారు. మూడోది టరెంటీన్ సొంతంగా కట్టిన ‘మైనర్ చాంట్’, నా దృష్టిలో ఈ ఆల్బమ్‌కి గుండెకాయ. చివరిదైన ‘మెస్సీ బెస్సీ’ పన్నెండు నిమిషాలు దాటుతుంది. నిజం చెప్పాలంటే అందులో నాలుగు నిమిషాలు కోసేసినా ఎవరూ కనిపెట్టరు. అట్ట మీది ఫొటో సంగతి కూడా చెప్పాలి. కోళ్లగూడు ముందు ఎర్రచొక్కాతో స్మిత్, తోడుగా ఒక కోడిపుంజు, ఒక కుక్క. జాజ్ అంటే చీకటిగదిలో సిగరెట్ పొగ అనుకునేవాళ్లు ఈ అట్ట చూసి తీరాలి.

రికార్డు చేసింది 1960లో అయితే ఆల్బమ్ బయటికొచ్చింది 1963లో. అప్పటికే స్మిత్ వెర్వ్ కంపెనీకి మారిపోయాడు. ఆ ఏప్రిల్ రోజునే, ఆ నలుగురే వాయించిన మరికొన్ని పాటలు ‘మిడ్‌నైట్ స్పెషల్’ పేరుతో 1961లోనే వచ్చేశాయి. కవలపిల్లలన్నమాట. కొందరు ఆ మొదట వచ్చినదే గొప్పదంటారు. వాళ్లతో పోట్లాడలేను, టైటిల్ పాట అంత బాగుంటుంది. నేను మాత్రం ‘మైనర్ చాంట్’ కోసం రెండోదాన్నే పట్టుకుంటాను. తేడా వెంట్రుకవాసి.

‘కుక్‌బుక్’ దగ్గరికి వస్తే లోకమే మారిపోతుంది. 1958 జూన్ 20, ప్రెస్టీజ్ కంపెనీ. అప్పటికి వాన్ గెల్డర్‌కి వేరే స్టూడియో లేదు, హ్యాకెన్‌శాక్‌లో తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే రికార్డింగులు చేసేవాడు. పగలు కళ్లు పరీక్షించి అద్దాలు రాయడం ఉద్యోగం, తక్కిన టైమంతా ఇదే. ఈ రికార్డులో టెనర్ డేవిస్‌ది, ఆర్గన్ షర్లీ స్కాట్‌ది. బేస్ కోసం జార్జ్ డ్యువివియర్ అనే మనిషే నిలబడి తీగ మీటుతున్నాడు. అంటే స్కాట్ ఎడమచేతికి బేస్ బాధ్యత లేదు. ఆ వెసులుబాటును ఆమె వాడుకున్న తీరు చూడండి: డేవిస్ వాక్యానికీ వాక్యానికీ మధ్య సందు దొరికినప్పుడల్లా పొట్టి పొట్టి కార్డులు టకటకా పొడుస్తుంది. పెద్ద బ్యాండులో ట్రంపెట్ల వరస చేసే పని ఒక్కతే చేసేస్తుంది. డేవిస్ కౌంట్ బేసీ పెద్ద బ్యాండులో పనిచేసి వచ్చినవాడు, వెనక అలాంటి దన్ను ఉంటేనే అతనికి ఊపొస్తుంది. గరగరలాడే గొంతు, కొరికినట్టు మొదలై ఠక్కున తెగిపోయే వాక్యాలు. జారు, గీరు అతని దగ్గర తక్కువ.

పాటల పేర్లు ‘ద చెఫ్’, ‘ఇన్ ద కిచెన్’, తర్వాతి భాగాల్లో ‘స్కిలెట్’, ‘సిమ్మరిన్’. అంతా వంటింటి గోలే. వీటిలో ‘ఇన్ ద కిచెన్’ నెమ్మదిగా సాగే బ్లూస్, పన్నెండు నిమిషాల పైమాటే. అంత నిడివి ఉన్నా ‘మెస్సీ బెస్సీ’లా విసుగు పుట్టించదు. నాకున్న ఫిర్యాదల్లా జెరోమ్ రిచర్డ్‌సన్ ఫ్లూట్ మీద. అతను బాగానే వాయిస్తాడు, కానీ రెండు మోటు గొంతుల మధ్య ఆ సన్నని గొంతు దూరేసరికి కారం తగ్గిపోతుంది.

స్కాట్ గురించి ఇంకొక్క మాట. 1960 తర్వాత ఆమె డేవిస్ బ్యాండు వదిలింది, టరెంటీన్‌ని పెళ్లి చేసుకుంది. భర్త బ్లూ నోట్ మనిషి, భార్య ప్రెస్టీజ్ మనిషి. కలిసి వాయించాలంటే కాంట్రాక్టులు అడ్డం. దాంతో 1961లో ఆమె ‘హిప్ సోల్’ మీద అతని పేరు స్టాన్ టర్నర్ అనీ, అతని ‘డియర్లీ బిలవ్డ్’ మీద ఆమె పేరు లిటిల్ మిస్ కాట్ అనీ అచ్చేశారు. ఆ గొంతులు విన్నవాళ్లెవరైనా మోసపోతారా!

‘హెవీ సోల్’లో బేస్ మిల్ట్ హింటన్, ఆర్గన్ ఫ్రెడ్డీ రోచ్, డ్రమ్స్ అల్ హేర్‌వుడ్. 1961 నవంబర్ 26, బ్లూ నోట్. ఇక్కడా బేస్ బరువు వేరేవాడిదే, కానీ రోచ్ స్కాట్‌లా పొడవడు. పలచగా పరుచుకుని వెనకే ఉండిపోతాడు. ఎందుకంటే ముందున్నది క్విబెక్. నలభై మూడేళ్లవాడు, కోల్‌మన్ హాకిన్స్, బెన్ వెబ్‌స్టర్ల దారిలో వచ్చిన పాతకాలపు టెనర్, గాలితో నిండిన పెద్ద స్వరం. ‘ద మ్యాన్ ఐ లవ్’లో ఒక్కో స్వరం చివర గాలి వదలడం కూడా వినిపిస్తుంది. ‘నేచర్ బాయ్’కి వచ్చేసరికి ఆర్గనే పక్కకు తప్పుకుంటుంది, టెనర్, బేస్ మాత్రమే మిగులుతాయి. ఇది వాయించాక క్విబెక్ పద్నాలుగు నెలలు కూడా బతకలేదు. 1963 జనవరిలో కేన్సర్‌తో పోయాడు. మూడింట్లో టెనర్ అందం ఎక్కువగా ఉన్నది దీనిలోనే. ఆర్గన్ కోసం వచ్చినవాళ్లకు మాత్రం నిరాశే.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. ఒక్కటే వినేటట్లయితే ‘చికెన్ ష్యాక్’, రెండో ఆలోచన లేదు. టెనర్, ఆర్గన్ సరిసమానంగా నిలబడ్డది దానిలోనే. నాలుగు రోజులు విన్నాక ఇదేంటి ఇంత మెత్తగా ఉంది, కాస్త దుడుకు కావాలనిపిస్తే ‘కుక్‌బుక్’. పాత సినిమా పాటల్లోని నెమ్మది ఇష్టపడేవాళ్లు మిగతావి పక్కనపెట్టి నేరుగా ‘హెవీ సోల్’కి వెళ్లిపోవచ్చు, ఆర్గన్ మీద మోజు తర్వాతైనా పుడుతుంది.

ఏది పెట్టుకున్నా ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు. దానిలో కింది స్వరాలు రానే రావు. హింటన్, డ్యువివియర్ పోయినా పైన కొంత మిగులుతుంది. స్మిత్ ఎడమచెయ్యి పోతే ‘చికెన్ ష్యాక్’లో పునాదే ఉండదు, పైగా ఆర్గన్ కీచుమంటుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.