మామిడికుదురు మండలానికి ఒకే రంగు వేసిన గోడ పటం

మా ఊరి గ్రంథాలయానికి అసెంబ్లీ నియోజకవర్గాల గోడ పటం కొన్నాను. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ ఒకే పటంలో ఉన్నాయి. రాజమండ్రిలో ఒక పుస్తకాల దుకాణంలో 650 రూపాయలు తీసుకున్నారు. లామినేషన్ గట్టిగా ఉంది, పైనా కిందా చెక్క బద్దలు వేశారు. ఒక వర్షాకాలమంతా చెమ్మ గోడ మీద వేలాడినా ఉబ్బలేదు. కోనసీమ వాళ్లెవరైనా కొందామనుకుంటే ఈ నాలుగు మాటలూ చదివి కొనండి.

నేను సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మాది మామిడికుదురు మండలంలో నగరం అనే ఊరు. 2004 ఎన్నికల దాకా అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా నగరమే. 2009లో అదే బడిలో, అదే గదిలో ఓటేశాను గానీ నియోజకవర్గం మాత్రం పి.గన్నవరం అయింది. మా ఊరి పేరు ఓటరు జాబితా పై వరుసలోంచి పోయినందుకు ఆ రోజు నిజంగానే బాధపడ్డాను. అందుకే ఈ పటంలో నాకు అన్నిటికంటే నచ్చింది పాత పేర్లు. కొత్త పేర్ల పక్కనే లేత బూడిద రంగులో నగరం, అల్లవరం, ఆలమూరు, తాళ్లరేవు, కడియం, సంపర, బూరుగుపూడి అని వేశారు. గోదావరి అవతల పెనుగొండ, అత్తిలి కూడా ఉన్నాయి. 2008లో నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసిన పునర్విభజన (డీలిమిటేషన్)లో తూర్పున 21 స్థానాలు 19 అయ్యాయి, పశ్చిమాన 16 కాస్తా 15 అయ్యాయి. అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి 294 మారలేదు. 2001 జనాభా లెక్కల ప్రకారం పంచేసరికి హైదరాబాదు చుట్టుపక్కల స్థానాలు పెరిగాయి, మన వైపు తగ్గాయి. బళ్లో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కేది కాదు. ఇప్పుడు పటం ముందు నిలబడి 'ఆలమూరు ఏమైంది మాస్టారూ' అని వాళ్లే అడుగుతున్నారు. పక్కనే ఉన్న మండపేట మీద వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఏరులు కూడా బాగా గీశారు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ వేటికవి తెలుస్తాయి. ఏటి మీదుగా కాలవను దాటించే గన్నవరం అక్విడెక్టుకి సైతం గుర్తు పెట్టారు. మా కోనసీమలో ఎస్సీ రిజర్వుడు స్థానాలకు చుక్కలు సరిగానే పడ్డాయి: అమలాపురం, రాజోలు, పి.గన్నవరం. ముమ్మిడివరం అంతకుముందు ఎస్సీ రిజర్వుడు, 2009 నుంచి జనరల్. ఆ తేడా కింద చిన్న అక్షరాల్లో రాశారు, చదవాలంటే కళ్లద్దాలు కావాలి.

ఇక లోపం. మామిడికుదురు మండలం మొత్తానికి రాజోలు పసుపు రంగు వేసేశారు. అది తప్పు. ఆ మండలం రెండు ముక్కలు. రాజోలుకు దగ్గరి ఊళ్లు రాజోలులోకి వెళ్లాయి. నగరం, అప్పనపల్లి, పాశర్లపూడి వైపు ఊళ్లు పి.గన్నవరంలోకి వచ్చాయి. పి.గన్నవరం, అంబాజీపేట, అయినవిల్లి వైనతేయకు ఆ ఒడ్డున ఉంటే మేం ఈ ఒడ్డున ఉన్నాం. హద్దులు గీసేటప్పుడు ఏరులూ కాలవలూ, పాత పాలనా హద్దులూ, రాకపోకలూ, జనం సౌకర్యమూ చూడాలని 2002 నాటి డీలిమిటేషన్ చట్టమే చెబుతోంది. కానీ తలల లెక్క కూడా కుదరాలి కదా. 2001లో రాష్ట్ర జనాభా 7.62 కోట్లు, 294తో భాగిస్తే ఒక్కో నియోజకవర్గానికి సుమారు 2.59 లక్షలు. ఆ లెక్కకు దగ్గరగా తేవాలంటే ఎక్కడో ఒకచోట గీత ఏరు దాటక తప్పదు. అలా దాటిన చోట మేమున్నాం. పటం అవసరం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే, అది తప్పిందీ ఇక్కడే.

దీని వల్ల ఒకరికి కష్టమే వచ్చింది. అప్పనపల్లి నుంచి ఒకాయన గ్రంథాలయానికి వచ్చారు. భార్య ఆసుపత్రి బిల్లులకు సీఎం సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి ఎమ్మెల్యే ఉత్తరం కావాలి. కొత్తగా ఈ వైపు వచ్చి ఉంటున్న మనిషి, పటంలో పసుపు రంగు చూసి రాజోలు వెళ్లారు. మీది పి.గన్నవరం అని వాళ్లు చెబితే వెనక్కి వచ్చారు. కూలి పోయింది, ఆటో చార్జీలు పోయాయి. ఆ పటం గోడకు కొట్టింది నేనే కాబట్టి ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

మర్నాడే దుకాణానికి ఫోన్ చేశాను. దుకాణదారు మర్యాదస్తుడు, పటం వేసినవాళ్లతో మాట్లాడించారు. 'మండలాల వారీగా రంగు నింపుతామండి, ఊళ్ల వారీగా అంటే చాలా పని' అన్నారు వాళ్లు. ఆ జవాబు నేను ఒప్పుకోను. హద్దులు గీసిన డీలిమిటేషన్ కమిషన్ ఉత్తర్వులో హద్దు అంటే బొమ్మ కాదు, మాటలే. మండలం పూర్తిగా ఉంటే మండలం పేరు, ముక్కైతే ఏ ఏ ఊళ్లో వాటి పేర్లు వరుసగా రాసి ఉంటాయి. ఆ వరుస చదివి రంగు మార్చడం ఒక పూట పని. ఉత్తరం కూడా రాశాను. ఇంకా జవాబు లేదు.

2022 ఏప్రిల్ 4న వచ్చిన కొత్త జిల్లాల గీతలు కూడా ఇందులో లేవు. అది చిన్న లోటు, అసెంబ్లీ హద్దులు వాటితో మారలేదు.

'త్వరలో 225 సీట్లు అవుతాయట, అప్పుడు కొత్త పటం కొనుక్కుందాం' అని మా గ్రంథాలయ కమిటీలో ఒకరన్నారు. 2014 రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్థానాలు 175ను 225 చేయాలని ఉన్నమాట నిజమే. కానీ రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అని కూడా అందులోనే ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా స్థానాల సంఖ్య కదలకూడదని ఆ అధికరణం చెబుతోంది. అంతకుముందే చేయించమని కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. కాబట్టి పటం ఇప్పుడు కొన్నా డబ్బు వృథా కాదు. పైగా రేపు కొత్త గీత గీసేటప్పుడు ముసాయిదా ప్రకటించి జనం అభ్యంతరాలు వింటారు. పాత గీత ఎక్కడుందో తెలియనివాడు ఆ రోజు ఏం చెబుతాడు?

ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. అమలాపురం, కొత్తపేట, మండపేట వైపు బడులకు నిస్సంకోచంగా కొనవచ్చు. మామిడికుదురు మండలం వాళ్లు మాత్రం గోడకు కొట్టేముందు దిద్దుకోవాలి. నేను పల్చటి ఆకుపచ్చ కాగితం కత్తిరించి మా ముక్క మీద అంటించాను. ఏ ఊరు ఎటో ఉత్తర్వు చూసి తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి పటం కిందే పెట్టాను. గ్రంథాలయం సాయంత్రం ఏడు దాకా తెరిచే ఉంటుంది, వచ్చి రాసుకుని వెళ్లండి.