పేరొకటే, ప్లేటు వేరు: ఏడేళ్లు వాడాక ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ మీద నా గోడు

ఏడేళ్లుగా రోజూ ఈ క్యాడ్ (కంప్యూటర్‌లో యంత్రాల డిజైన్ గీసే) సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుంటున్నాను. మోడలింగ్ గురించి, డ్రాయింగుల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నా కడుపుమంట అంతా ఒక్కదాని మీదే. అసెంబ్లీ, అంటే విడి పార్టుల ఫైళ్లను కలిపి యంత్రంగా చూపే ఫైలు, తెరిచినప్పుడు ఇది పార్టుని పేరు చూసి తెచ్చేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం రాయను.

మాది జీడిమెట్లలో ముగ్గురుండే డిజైన్ ఆఫీసు. పాత జాబ్ ఫోల్డర్ కాపీ చేసుకుని, కొలతలు మార్చి కొత్త జాబ్ మొదలుపెట్టడం మా అలవాటు. మంచి అలవాటేం కాదు. అలా ఒక కన్వేయర్‌కి షాఫ్ట్ 20 ఎంఎం నుంచి 25కి పెరిగింది, షాఫ్ట్‌ని మోసే బేరింగ్ యూసీపీ 204 (మోడల్ నంబర్) పోయి 205 వచ్చింది. బేస్ ప్లేట్‌లో రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం 127 నుంచి 140కి మారాలి. మార్చాను. ఫైలు పేరు మాత్రం పాతదే ఉంచాను.

వారం తర్వాత ఏదో చూసుకుందామని పాత జాబ్ తెరిచాను. అది మూయకుండానే కొత్త అసెంబ్లీ తెరిచాను. అంతే. అదే పేరున్న ఫైలు అప్పటికే తెరిచి ఉంటే ఇది ఫోల్డర్ వైపు చూడదు, చేతికందిన దాన్నే తెచ్చి కూర్చోబెడుతుంది. హెచ్చరిక ఏమైనా వచ్చిందా అంటే, వచ్చే ఉండొచ్చు. పొద్దున్నే వచ్చే పది బాక్సులతో పాటు దానికీ ఓకే కొట్టేసి ఉంటాను.

ట్రీలో, అంటే పక్కనుండే పార్టుల జాబితాలో, ఒక్క మేట్ (పార్టుల్ని ఒకదానికొకటి కలిపే బంధం) కూడా ఎర్రబడలేదు. కొత్త ప్లేట్ పాతదాని కాపీయే కాబట్టి ఫేసులకు (పార్టు ఉపరితలాలకు) సాఫ్ట్‌వేర్ లోపల పెట్టుకునే గుర్తులు రెండింట్లోనూ ఒకటే. పైగా బేరింగ్‌ని మధ్య ప్లేన్లతో కూర్చోబెట్టాను, బోల్టులేమో బేరింగ్ రంధ్రాలకే మేటయ్యాయి. ప్లేట్ రంధ్రాలు బేరింగ్ కింద దాక్కున్నాయి. సేవ్ చేసి, ఆ ప్లేట్ డీఎక్స్ఎఫ్ (కటింగ్ మెషీన్‌కిచ్చే డ్రాయింగ్ ఫైలు) తీసి లేజర్ కటింగ్‌కి పంపించేశాను. 10 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్), 16 ప్లేట్లు.

మూడో రోజు ఫిట్టర్ ఫోన్ చేశాడు. "సార్, ఇది మన బేరింగ్ ప్లేట్ కాదు సార్. రంధ్రాలు సాగదీసి స్లాట్ కొట్టేయమంటారా?"

"వద్దన్నా, ఆపు. చూసి చెప్తా."

అన్నీ మూసేసి కొత్త అసెంబ్లీ ఒక్కటే తెరిచాను. 127. సిస్టమ్ రీస్టార్ట్ చేశాను. మళ్లీ 127. కొత్త ఫోల్డర్‌లోకెళ్లి అదే ప్లేట్ విడిగా తెరిస్తే 140! మా కుర్రాడేదో గెలికాడనుకుని కాస్త గట్టిగానే అడిగాను, పాపం. చివరికి రిఫరెన్సుల జాబితా తెరిచి, ఏ పార్టు ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో చూపే పాత్ కాలమ్ ఒక్కో వరసా చదివితే దొరికింది. అన్నిటికీ కొత్త ఫోల్డర్, ప్లేట్ ఒక్కదానికే పాత ఫోల్డర్. ఆ రోజు నేను కొట్టిన సేవ్ తప్పుడు దారిని అసెంబ్లీలో ఖాయం చేసేసింది. మళ్లీ తెరిచేటప్పుడు, లోడ్ కాకముందే ఆ ఒక్క పాత్ మార్చాను. రెండు నిమిషాల పని. వెతకడానికి పట్టింది మధ్యాహ్నం అంతా.

ఒకప్పుడు జాబులన్నీ సర్వర్‌కి మార్చినప్పుడు, పార్టుల్ని తనంతట తనే వెతికి పట్టుకుందని దీన్ని తెగ మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, అప్పుడు పనికొచ్చింది, ఇప్పుడు ముంచింది ఒకే బుద్ధి.

ఇప్పుడు ప్రతి ఫైలు పేరు ముందూ జాబ్ నంబర్ ఉంటుంది. పేరు మార్చాలంటే సాఫ్ట్‌వేర్ లోపలే, విండోస్ ఫోల్డర్‌లో కాదు. విండోస్‌లో మారిస్తే అసెంబ్లీకి తెలియదు. కటింగ్‌కి పంపేముందు పాత్ కాలమ్ చూడటం కుర్రాడి డ్యూటీ. అతనికి నా మీద ఇంకా కోపం ఉన్నట్టుంది. అయినా వేరే ఫోల్డర్ నుంచి వచ్చిన పార్టుని ట్రీలోనే రంగు మార్చి చూపిస్తే వీళ్ల సొమ్మేం పోయింది?

ఫైళ్లన్నిటినీ ఒకచోట అదుపులో పెట్టే డేటా మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఉన్న పెద్ద ఆఫీసుల్లో, ఒకే పేరు రెండుసార్లు పెట్టనివ్వకుండా సెట్ చేసుకుంటే ఈ గొడవ రాకపోవచ్చు. ముగ్గురికి ఆ ఖర్చు మేం పెట్టలేం. అలాగని వేరేదానికి మారనూ లేను, ఏడేళ్ల జాబులు ఇందులోనే ఉన్నాయి. నాలాగా ఫోల్డర్లు కాపీ కొట్టేవాళ్లయితే మాత్రం ఆలోచించుకోండి.

ఆ 16 ప్లేట్లు ఆఫీసు వెనకే ఉన్నాయి. 204 బేరింగ్ జాబ్ ఒకటి రావాలి.