స్వర రోగుల లక్షణాలకు తెలుగు ప్రశ్నావళి: అనువదించడమా, కొత్తగా రూపొందించడమా? ఏది మేలు?

విశాఖపట్నంలో గొంతు సమస్యతో ఓపీకి వచ్చేవారిలో బడి పంతుళ్లు, ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట నడిపేవారు, పూర్ణా మార్కెట్‌లో కేకలు వేసి సరుకు అమ్మేవారు ఉంటారు. వీరి లక్షణాలను కొలిచే ప్రశ్నావళి కావాలంటే, ఇప్పటికే పేరున్న ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి తేవాలి, లేదా రోగుల మాటల నుంచే కొత్తది రూపొందించాలి.

అనువాదమనగానే ముందుగా తోచేది 1997లో అమెరికాలో వెలువడిన వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్. అందులో 30 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. 2004లో దాన్ని 10 ప్రశ్నలకు కుదించారు. ఇద్దరు విడివిడిగా అనువదించి, రెండింటినీ కలిపి ఒక ప్రతిగా తీర్చి, దాన్ని మూలం చూడని వారిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, కొందరు రోగులకు వినిపించి సరిచూడాలి. ఆపై విశ్వసనీయత పరీక్షలు ఉన్నప్పటికీ పని త్వరగానే తెములుతుంది, ఫలితాలను ఇతర భాషల అధ్యయనాలతో పోల్చుకోవచ్చు.

అయితే ఆ సూచిక ప్రధానంగా కొలిచేది లక్షణాలను కాదు, వాటివల్ల బతుకులో కలిగే ఇబ్బందిని. స్వరతంతువుల మీద బొడిపెలున్న పంతులుగారికీ, ఒక తంతువు చచ్చుబడిన వ్యాపారికీ ఒకే మార్కు రావచ్చు. సందడిగా ఉన్న గదిలో మీ మాట అర్థమవుతోందా అనే తరహా ప్రశ్న, రోజంతా ఆరుబయట పడవల మోత నడుమ అరిచే మనిషికి ఎంతవరకు అతుకుతుంది? 2003లో బ్రిటన్‌లో వచ్చిన వాయిస్ సింప్టమ్ స్కేల్ ఈ విషయంలో కొంత నయం. గొంతులో గడ్డ ఉన్నట్టు తోచడం, కఫం వంటి శారీరక బాధలను కూడా అది అడుగుతుంది.

కొత్తది రూపొందించడం శ్రమతో కూడిన పని. "గొంతు పట్టేసిందండి", "సాయంత్రానికి మాట పెగలడం లేదు" వంటి ఫిర్యాదులను, కొత్తవి రావడం ఆగేదాకా సేకరించి, ప్రశ్నలుగా మలచి, నిపుణులకు చూపించాలి. ఏయే ప్రశ్నలు ఒకే కోవకు చెందుతాయో గణాంకాలతో తేల్చే కారక విశ్లేషణకు ప్రశ్నకు ఐదు నుంచి పది మంది చొప్పున రోగులు కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క; 30 ప్రశ్నలకు 150 నుంచి 300 మంది అవుతారు. జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడటానికి, చికిత్స మొదలుకాని వారిని వారం రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. మూడేళ్ల పీజీ థీసిస్‌లో ఇదంతా ఇమిడించడం కష్టమే.

అయినా లక్షణాలే లక్ష్యమైతే కొత్తగా రూపొందించడమే మేలని నా అభిప్రాయం. పన్నెండు పదిహేను ప్రశ్నలకు పరిమితమైతే కావలసిన రోగుల సంఖ్యా తగ్గుతుంది. దానితోపాటు పది ప్రశ్నల అనువాదాన్నీ అడిగితే, రెండింటి మార్కులు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చూసి కొత్తదాని పనితనాన్ని తేల్చవచ్చు. శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా తేడా చూడటానికైతే ఆ పది ప్రశ్నలే చాలు.

రోగే నింపాలా, సిబ్బంది చదివి వినిపించాలా అన్నది మాత్రం ఓపీని బట్టి తేల్చుకోవలసిందే. చదవలేని వారికి వినిపించక తప్పదు కానీ, ఎదుటి మనిషి అడిగినప్పుడు బాధను తగ్గించి చెప్పేవారు మనలో తక్కువేమీ కాదు. అందువల్ల తొలిసారి ఏ పద్ధతిలో అడిగితే రివ్యూకు వచ్చినప్పుడూ ఆ రోగిని అదే పద్ధతిలో అడగాలి. లేకపోతే మార్కులో కనిపించే మెరుగుదల చికిత్సదో, అడిగిన తీరుదో తేలదు.