పోయొస్తం లింగమయ్యా

ఈసారి చైత్ర పౌర్ణమికి నేను, మా తమ్ముడు నల్లమలలోని సలేశ్వరం జాతరకు వెళ్ళాం. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూర్ దాటాక పులుల అడవిలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారి మూసేస్తారు కాబట్టి ముందురోజే చేరుకోవడం మేలు.

మన్ననూర్‌లో అటవీశాఖ కాటేజీలకు ముందుగా బుక్ చేసుకోలేదు. అచ్చంపేటలో ఒక లాడ్జిలో దిగాం. జాతర అని అద్దె పెంచేశారు, అర్ధరాత్రి నుంచి నల్లాలో నీళ్ళు లేవు. అడిగితే పలికే నాథుడు లేడు. మీరు మాత్రం ముందే గది చూసుకోండి.

తెల్లవారి ఫర్హాబాద్ గేటు దాటి, దుమ్ము దారిలో చాలాసేపు ప్రయాణించి చెంచు గిరిజనుల గూడెం రాంపూర్ పెంట చేరాం. అక్కడి నుంచి నడకే. రాళ్ళు, వాలు, పక్కనే లోయ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను తీసుకెళ్ళవద్దని నా మాట. "వస్తున్నం లింగమయ్యా" అని ముందు ఒకరు అంటే వెనక వందమంది అందుకుంటారు. ఆ కేకతోనే కాళ్ళు కదులుతాయి. అడుగున గుండం, పైనుంచి పడే నీళ్ళు, గుహలో లింగమయ్య. పూజ చేసేది చెంచులే. ఎర్రటి ఎండలో ఆ చల్లటి నీళ్ళు నెత్తిన పడగానే కళ్ళు చెమర్చాయి.

తల తుడుచుకుని చూస్తే వాగులో సీసాలు, బిస్కెట్ కవర్లు, క్యారీ బ్యాగులు. పులుల అడవిలోకి ప్లాస్టిక్ తేకూడదని నిషేధం ఉంది. అయినా ఇంత వచ్చింది. ఒక అన్నదానంలో విస్తరాకులో పులిహోర పెట్టారు, ఎంత హాయిగా తిన్నామో! ఇంకోచోట థర్మాకోల్ ప్లేట్లు కుప్పలు పడి ఉన్నాయి. పుణ్యం కోసం పెట్టే అన్నం కదా, ఆకులో పెడితే ఎంత బాగుండు!

తిరుగుదారిలో ఒక చెంచు పెద్దాయన పక్కన కూర్చున్నాం. తేనె గురించి అడిగితే, "పట్టు మొత్తం కొయ్యం బిడ్డా. ఈగకు ఉంచాలె గదా. ఈగ పోతే మాకేముంటది?" అన్నాడు. పూజ గురించి మేమడగలేదు, ఆయనా చెప్పలేదు. కానీ లింగమయ్యకు ఆయన చేసే పూజ అదేననిపించింది నాకు.

2019లో ఇదే నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వస్తే ఊళ్ళన్నీ లేచాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ అడవిలోకే ఇప్పుడు భక్తులం మనమే సంచుల కొద్దీ చెత్త మోస్తున్నాం. ఇది చూసి నాకు నిజంగా బాధ వేసింది.

మర్నాడు వటవర్లపల్లి దగ్గర మల్లెల తీర్థం చూశాం. మెట్లు చాలా ఉన్నాయి, ఎండాకాలం కావడంతో ధార సన్నగా ఉంది. కానీ జనం తక్కువ, పిట్టల కూతలు వినబడ్డాయి. అడవిలో కాసేపు మౌనంగా కూర్చోవాలనుకుంటే నేను దీనికే ఓటు వేస్తాను, అదీ వానాకాలం వెళ్ళాక వెళితే. ఉమామహేశ్వరం కూడా దారిలోనే, కారు దాదాపు గుడిదాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్ళకు అనుకూలం.

సలేశ్వరం నుంచి ఎక్కి వచ్చేటప్పుడు తమ్ముడు తన టవల్‌లో దొరికినన్ని సీసాలు మూటకట్టాడు. వెనక నడిచే ఇద్దరు కుర్రాళ్ళు అడగకుండానే తమ సంచులు విప్పారు. "పోయొస్తం లింగమయ్యా" అంటూ ఆ మూటలు భుజాన వేసుకుని రాంపూర్ పెంటదాకా మోశాం.