బడి స్ట్రెంత్ చూసి గ్రూపులు: హన్మకొండ కబడ్డీ టోర్నీకి టీమును పంపవచ్చా?

హన్మకొండలో ఓ ప్రైవేటు అకాడమీ అండర్-17 కబడ్డీ టోర్నీ పెట్టి బడుల్ని రెండుగా విడదీసింది. ఆరు నుంచి పది తరగతుల దాకా మొత్తం 150 మంది లోపుంటే బి గ్రూపు, ఆపైన ఎ. ఫీజు టీముకు 1,000 రూపాయలు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) ఆటల్లో అండర్-14, అండర్-17 అని వయసు చూసి విడదీస్తారే తప్ప బడి ఎంత పెద్దదని చూడరు. ఆ మేరకు ఈ టోర్నీ మంచి పని చేసింది. లెక్క కట్టిన తీరే తప్పింది.

160 మంది ఉన్న జడ్పీ హైస్కూలును తీసుకోండి. అందులో అబ్బాయిలు సగమనుకుంటే 80. అండర్-17కు అక్కరకొచ్చేది 8, 9, 10 తరగతుల వాళ్లు, అంటే ఓ 48 మంది. వాళ్లలోంచే 12 మంది జట్టు కట్టాలి. తరగతికి 80 సీట్లుండే బాలుర గురుకులంలో అవే మూడు తరగతుల్లో 240 మంది. ఇక్కడ నలుగురిలో ఒకడు జట్టులోకి వస్తే అక్కడ ఇరవై మందిలో ఒకడు. పైగా హాస్టల్ పిల్లలకు పొద్దున, సాయంత్రం ప్రాక్టీసు దొరుకుతుంది, ఊరి పిల్లలు బస్సు వేళకు ఇంటికి పోవాలి. అయినా రెండు బడులూ ఎ గ్రూపులోనే! బరిలో తేడా ఇట్టే తెలుస్తుంది. చిన్న బడికి గట్టి రెయిడర్లు ఇద్దరే ఉంటారు. ఆ ఇద్దరూ ఔటై కూర్చుంటే కూతకు వెళ్లినవాడు ఉత్త చేతులతో తిరిగొస్తాడు, కాసేపటికే జట్టంతా ఔటై లోనా పడుతుంది.

అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఈ చిక్కుకు ఎప్పుడో మందు కనిపెట్టారు. ఒక్క బాలురదో బాలికలదో అయిన బడి సంఖ్యను రెట్టింపు చేస్తారు. ఫలానా ప్రాంతమనే హద్దు లేకుండా పిల్లల్ని చేర్చుకునే బడులకు, కొన్ని మినహాయింపులతో, 1.65తో హెచ్చిస్తారు. మనకు అంత గుణకారం అక్కర్లేదు. 8 నుంచి 10 దాకా అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు అని విడిగా లెక్కిస్తే సగం అన్యాయం అక్కడే పోతుంది.

బి గ్రూపును లీగ్‌గా ఆడించడం ఈ టోర్నీలో అన్నిటికన్నా బాగుంది. మూడేసి టీముల పూల్, ప్రతి జట్టుకూ కనీసం రెండు మ్యాచ్‌లు. ఎ గ్రూపులో నాకౌట్ కాబట్టి ఓడితే 15-5-15 నిమిషాల (నడుమ 5 విరామం) ఒక్క ఆటతో ఇంటిదారి. బి విజేతను ఎ విజేతతో ఆడించకపోవడం పెద్ద లోటు. 161 మంది పిల్లలున్న మైలాన్ బడి 1954లో అమెరికాలోనే ఇండియానా రాష్ట్ర బాస్కెట్‌బాల్ గెలిచింది, అప్పుడు అక్కడ గ్రూపులే లేవు. 1997-98 నుంచి నాలుగు గ్రూపులు చేశాక అలాంటి అవకాశం మూసుకుపోయిందని బాధపడేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. చివర్లో ఒక్క మ్యాచ్ పెడితే ఇక్కడ ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఆటలు మ్యాట్ మీద. మట్టిలో జారుతూ గీత అందుకునే అలవాటున్న పిల్లలకు మోకాలి, మోచేతి చర్మం లేచిపోతుంది. ఉత్త కాళ్లతో ఆడితే చెమట పడ్డచోట పాదం నిలవదు. రబ్బరు సోలు బూట్లు, మోకాలి ప్యాడ్లు తప్పనిసరి. తొలి మ్యాచ్‌కు గంట ముందే చేరుకుని పావుగంట మ్యాట్ మీద ఆడించండి.

హెచ్‌ఎం సంతకంతో బోనఫైడ్‌లు, యూడైస్ (బడుల వివరాల ప్రభుత్వ నమోదు) స్ట్రెంత్ ప్రింటు అడుగుతారు. ఆ ప్రింటు మీద 8 నుంచి 10 తరగతుల బాలుర, బాలికల సంఖ్య విడిగా రాయించి, డ్రా తీయకముందే నిర్వాహకుల చేతిలో పెట్టండి. డ్రా అయ్యాక గ్రూపు మార్చరు.