17 కిలోల చిన్నోడితో మంచుకొండకి

"హన్మకొండ చలికే పొద్దెక్కేదాంక దుప్పట్లకెల్లి లేవడు పిల్లగాడు. గసొంటోన్ని తీస్కపోయి మంచుల ఎయ్యవడ్తిరా?" దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెడుతూ, ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందే మా అత్తమ్మ అడిగిన మాట ఇది. ఆమె బాధలో న్యాయం ఉంది. చిన్నోడికి నాలుగున్నరేళ్లు, పెద్దదానికి ఏడు. ఇద్దరికీ జలుబు చేస్తే ఇల్లంతా జ్వరమే. చివరికి "కాళ్లు చేతులు మంచిగుండి మర్ల వస్తే వానికి నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అని మేడారం దిక్కు మొక్కుకున్నాకే ఆమె మెత్తబడింది. బంగారమంటే బెల్లమని ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు.

పిల్లల్ని మంచులో స్కీయింగ్‌కి తీసుకెళ్లాలన్న ఈ పిచ్చికి మూలం రెండేళ్ల కిందటి మనాలి. మూడు గంటలు కార్ల వరసలో ఇరుక్కుని, ఎవరో విడిచిన తడి సూట్లు అద్దెకి తొడుక్కుని సోలాంగ్‌లో నలభై నిమిషాలున్నాం. చిన్నోడు ఏడుపు ఆపలేదు. పెద్దది మాత్రం చెక్క మీద ఇరవై అడుగులు జారి, ఆ ఇరవై అడుగుల కథ బడిలో ఏడాది పాటు చెప్పింది. ఈసారి వెళ్తే స్కీయింగ్ నేర్పే బడి ఉన్నచోటికే వెళ్లాలి, తడి సూటు తొడగకూడదు అని అప్పుడే తీర్మానించుకున్నా.

ఎక్కడికి అన్న దగ్గరే నెల పట్టింది. అందరూ గుల్మార్గ్ అన్నారు. అక్కడి కేబుల్ కార్, గొండోలా అంటారు, రెండో దశలో 3,900 మీటర్లు దాటి ఎక్కిస్తుంది. బాగా వచ్చినవాళ్లకి స్వర్గమే కావచ్చు, నాలుగేళ్ల పిల్లాడికి ఆ ఎత్తు దేనికి? మా ఆయనేమో స్విట్జర్లాండ్ అని పట్టుబట్టాడు. నిజానికి పిల్లలున్న వాళ్లకి ఆ దేశం చేసినంత సదుపాయం ఇంకెవరూ చేయరు. తల్లిదండ్రుల దగ్గర స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఫ్యామిలీ కార్డు మీద రైళ్లలో ఉచితంగా తిరగొచ్చు, ఆరేళ్ల లోపు వాళ్లకి టికెట్టే లేదు. జూరిక్ విమానాశ్రయం కిందే రైలెక్కి, లూసెర్న్‌లో మారితే స్కీయింగ్ ఊరు ఎంగెల్‌బర్గ్ దాకా కారు అవసరం రాదు. ఐరోపా దేశాల ఉమ్మడి వీసా, షెంగెన్ వీసాకి పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు వాళ్లకి 45, ఆరేళ్లు నిండని వాళ్లకి ఏమీ లేదు. కనీసం 30,000 యూరోల బీమా చూపించాలి. ఇవన్నీ కాగితం మీద కూడినా కలవరపడలేదు. నన్ను ఆపింది గడియారం. చలికాలంలో అక్కడికీ మనకీ నాలుగున్నర గంటల తేడా. హన్మకొండలో ఆరింటికి లేచే పిల్లలు అక్కడ రాత్రి ఒకటిన్నరకి లేచి కూర్చుంటారు. ఆరు రోజుల సెలవులో మూడు రోజులు నిద్ర సరిచేసుకోవడానికే పోతే కొండ ఎవరి కోసం?

తర్వాత జార్జియా దేశంలోని గుడౌరి అనే స్కీయింగ్ ఊరు. తేడా గంటన్నరే. రొట్టెని వాళ్లు 'పూరి' అంటారు, రాజ్మా లాంటి లోబియో ఉంటుంది, పిల్లలకి తిండి దొరుకుతుంది. మన దగ్గర్నుంచి అక్కడి రాజధాని టిబిలీసీకి ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లిన పిల్లలు వీధికొకరున్నారు, అవసరానికి తెలుగు మాట వినిపిస్తుంది. కానీ 2018 మార్చిలో అక్కడ ఒక కుర్చీ లిఫ్ట్ వెనక్కి తిరిగి మనుషుల్ని విసిరేసిన వీడియో మా మరిది ఇంటి గ్రూపులో పెట్టాడు. 2024 డిసెంబర్‌లో అదే ఊళ్లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి నిద్రలోనే 12 మంది పోయారు, అందులో 11 మంది మన దేశం వాళ్లు. మూసిన చోట నడిపిన జనరేటర్ పొగ అది. ఆ వార్త చదివాక ఏ ఊరికెళ్లినా పెట్టెలో బ్యాటరీతో నడిచే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే అని కొన్నాను. మంచుదేశాలకి వెళ్లే ప్రతి ఇంటివాళ్లకీ ఈ ఒక్క వస్తువు గట్టిగా చెప్తా. గుడౌరిని వద్దనుకున్నది మాత్రం దానివల్ల కాదు. టిబిలీసీ నుంచి 120 కిలోమీటర్లు కొండదారి, మంచు కురిస్తే ఆ దారి మూస్తారు. లక్నవరం వెళ్లొచ్చేలోపే రెండుసార్లు వాంతి చేసుకునే మా చిన్నోడికి ఆ మలుపులు పడవు.

మిగిలింది కజకిస్తాన్. అల్మాటీ ఊరు, దాని నెత్తి మీద షింబులాక్ అనే స్కీయింగ్ కొండ. 2024 మార్చిలో ఆ దేశమంతా ఒకే గడియారానికి వచ్చింది, మనకన్నా అరగంట వెనక. అరగంట! పిల్లలకి అది తెలియను కూడా తెలియదు. 2022 జులై నుంచి మన పాస్‌పోర్ట్‌కి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఊరి నుంచి కొండ 25 కిలోమీటర్ల లోపే, అందులో పైభాగం కేబుల్ కార్‌లోనే ఎక్కొచ్చు. మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఖర్చు లెక్క చూశాక సర్దుకున్నాడు.

పాస్‌పోర్ట్‌ల సంగతి ఒక్క మాట. పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్లకే చెల్లిపోతుంది. పెద్దదానిది చెల్లిపోయిందని టికెట్లు వెతికేటప్పుడు గానీ మాకు గుర్తు రాలేదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంటుంది, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్జర్ డి అనే ఒప్పుకోలు పత్రం ఇవ్వాలి.

విమానాల దగ్గర అసలు తిరకాసు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూసేయడంతో ఇండిగో తన అల్మాటీ సర్వీసు ఆపేసింది. చుట్టు తిరిగి అంత దూరం వెళ్లే విమానాలు తమ దగ్గర లేవని అప్పుడు చెప్పింది. ఢిల్లీ నుంచి నేరుగా ఎయిర్ అస్తానా ఉంది, వాళ్లది కజక్ కంపెనీ కాబట్టి ఆ అడ్డు లేదు. శంషాబాద్ నుంచి ఢిల్లీకి వేరే టికెట్, అక్కడి నుంచి వేరే టికెట్. జనవరి ఢిల్లీ పొగమంచు తెలిసిందే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే డబ్బు పోయినట్టే. అందుకే ఢిల్లీలో ఒక రాత్రి ఆగాం. మా మొదటి విమానం నిజంగానే అయిదు గంటలు ఆలస్యమైంది. ఆ రాత్రి గది అద్దె దండగ అన్న మనిషి మళ్లీ నోరెత్తలేదు.

సంక్రాంతి సెలవులు మనకి కలిసొచ్చే కాలం. కజక్‌లో కొత్త సంవత్సరం సెలవులు, జనవరి 7 ఆర్థడాక్స్ క్రిస్మస్ అయ్యాక అక్కడి బడులు తెరుస్తారు. మనం చేరేసరికి వాళ్ల రద్దీ దిగిపోతుంది. శని, ఆదివారాలు మాత్రం ఊరు ఊరంతా కొండెక్కుతుంది. ఆ రెండు రోజులూ పిల్లల్ని స్కీ మీద నిలబెట్టొద్దు, ఇంకేదైనా చూపించండి.

ఇక బస. తెలివి అనుకుని మొదటి రెండు రాత్రులు ఊళ్లో వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, బియ్యం పప్పు మోసుకెళ్లాం కదా అని. ఫొటోల్లో బాగుంది. చేరాక చూస్తే నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. సోవియట్ కాలంలో కట్టిన అయిదంతస్తుల ఇళ్లకి లిఫ్ట్ ఉండదని తర్వాత తెలిసింది. కాబట్టి "మీ గది ఎన్నో అంతస్తు" అని కాదు, "బిల్డింగ్‌కి లిఫ్ట్ ఉందా" అని రాతలో అడగండి. నాలుగు పెట్టెలు, నిద్రపోతున్న పిల్లాడు, మెట్ల మీద మా ఆయన పద్మాక్షి గుట్టని తలుచుకున్నాడు. లోపల ఇంకో వింత. ఊరంతటికీ ఒకేచోట నుంచి వేడినీళ్ల గొట్టాలు వస్తాయి, వేడి తగ్గించే మీట గదిలో లేదు. బయట సున్నాకి పదిహేను కింద, లోపల మే నెల రామగుండం. పిల్లలు బనియన్ల మీద పడుకున్నారు.

అసలు ఇబ్బంది ఇది కూడా కాదు, గాలి. చలికాలంలో అల్మాటీ మీద పొగ గిన్నె మూతలా కూర్చుంటుంది. బొగ్గు కాలుస్తారు, పక్కనే కొండలు, గాలి కదలదు. రెండో రోజుకే చిన్నోడికి దగ్గు మొదలైంది. పైగా పొద్దున ఇద్దరికీ అయిదు పొరలు తొడిగి, కిందికి దింపి, టాక్సీ పిలిచి, కేబుల్ కార్ దాకా చేరి, పైకెళ్లేసరికి పదకొండు. చిన్నోడికి అప్పుడే ఒంటేలు వచ్చింది. అయిదు పొరలూ మళ్లీ విప్పడం. నవ్వొస్తుంది ఇప్పుడు, అప్పుడు రాలేదు.

మూడో రోజు పైన షింబులాక్‌లోనే ఉన్న హోటల్‌కి మారాం. ఇది మొదటే చేయాల్సింది. 2,260 మీటర్ల మీద పొగ లేదు, కిందికి చూస్తే ఊరు బూడిదరంగు దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. దగ్గు ఒక రాత్రిలో సగం తగ్గింది. గదికీ పిల్లల వాలుకీ మధ్య నడక దూరం. పిల్లాడు అలిసిపోతే ఎత్తుకొచ్చి పడుకోబెట్టి, పెద్దదాని దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చు. అద్దె ఊళ్లోకన్నా బాగా ఎక్కువ, గది చిన్నది, కిటికీ సరిగా పడదు. అయినా చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. పైకి రెండు దశల్లో తాల్గార్ కనుమ దాకా 3,180 మీటర్లకి లిఫ్టులున్నాయి. మేము ఒక్కసారి చూసొచ్చాం, అంతే. పిల్లలతో పోయినవాళ్లకి కొండంటే ఆ అడుగున ఉన్న వంద గజాల వాలు.

సామాను అద్దెకిచ్చే చోట ఒక సంగతి నేర్చుకున్నా. బూటుని స్కీకి పట్టి ఉంచే దాన్ని బైండింగ్ అంటారు. పిల్లాడు పడ్డప్పుడు అది దానంతటదే ఊడిపోవాలి, లేకపోతే కాలు మెలిపడుతుంది. ఎంత బలానికి ఊడాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చూసి స్క్రూ తిప్పుతారు. మా ఆయన "ట్వంటీ కేజీ" అని గొప్పగా చెప్పాడు, కొడుకు బలంగా ఉన్నాడని చెప్పుకోవడం తండ్రులందరికీ ఉన్న జబ్బు. అక్కడి అబ్బాయి నవ్వి చిన్నోడిని తూకం మీద నిలబెట్టాడు. 17. ఎంత బరువు చెబితే అంత బిగిస్తారు కాబట్టి కలిపి చెప్పొద్దు. చిన్నోడికి ఆ అంకె తెగ నచ్చింది, పేరు అడిగినా పదిహేడు అనేవాడు.

మేజోళ్లు ఒక్క జతే వేయాలి. రెండు వేస్తే లోపల మడతలు పడి కాలు నొస్తుంది, నెత్తురు ఆడక ఇంకా చల్లబడుతుంది. కాటన్ తడిస్తే ఆరదు, ఉన్ని కావాలి. వేళ్లు విడిగా ఉండే గ్లౌజులకన్నా నాలుగు వేళ్లు కలిసి ఉండే మిటెన్లు పిల్లలకి వెచ్చన. ఇవి ఇక్కడే కొనుక్కెళ్లండి. బీమాలో స్కీయింగ్ ఉందో లేదో చదవండి, మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి అది విడిగా కలపాలి.

నేర్పించడానికి ఒక్కొక్కరికి విడిగా టీచర్‌ని పెట్టుకున్నాం. ఎక్కువమందికి రష్యన్ బాగా వచ్చు, ఇంగ్లిష్ కావాలని ముందే అడగాలి. చిన్నోడికి వచ్చిన అమ్మాయికి పాతిక ఇంగ్లిష్ ముక్కలు వచ్చేమో. స్కీల ముందు కొసలు దగ్గరకి తెచ్చి మడమలు వెడల్పు చేస్తే వేగం తగ్గుతుంది, పిల్లలకి దాన్ని పిజ్జా అని నేర్పుతారు. ఆమె "పిజ్జా, పిజ్జా!" అని అరుస్తుంటే మావాడు ఆగి, ఏదీ అన్నట్టు చేయి చాపాడు. ఆమెకి అర్థం కాలేదు. నాకు అర్థమై జేబులో సకినం తీసిచ్చాను. ఇద్దరూ చెరి సగం తిన్నారు. గంటన్నరకి మించి వాడు నిలవలేదు, అది చాలు. పెద్దది మూడో రోజుకి మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టీ మీద తనంతట తనే పైకెక్కి, జారుతూ దిగుతోంది.

సకినాలు సంచిలో సగం పొడి అయ్యాయి, అయినా మంచులో అంత పనికొచ్చిన తిండి లేదు. హోటల్ మెనూలో మాంసం ఎక్కువ. పిల్లలు బౌర్సాక్ అనే నూనెలో వేయించిన పిండి ఉండల మీద బతికారు. శాకాహారులు గుమ్మడికాయ సమ్సా అడగండి, మన సమోసాకి అన్న. పైన వంట చేద్దామని మాత్రం అనుకోకండి. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, పప్పు ఉడకదు. మా కెటిల్ ఉప్మా పలుకు పలుకుగా ఉండి ఎవరూ ముట్టలేదు.

శనివారం రద్దీ రోజు కిందికి మెదెయు దిగాం. 1,691 మీటర్ల ఎత్తులో కట్టిన మంచు స్కేటింగ్ మైదానం. పిల్లలు పట్టుకుని నడిచే బొమ్మలుంటాయి, గంట గడిచింది. పక్కనే కొండ మీంచి వచ్చే బురద వరదని ఆపే ఆనకట్ట మీదికి 842 మెట్లు. మా ఆయన ఎక్కాడు. నేను కింద టీ తాగాను.

తిరిగొచ్చి రెండు వారాలు కాకముందే జాతర. అత్తమ్మ మాట మాటే. బీట్‌బజార్‌లో బెల్లం కొట్టు ముందు కాంటా దగ్గర నిలబడ్డాం. కొట్టాయన "బాబు ఎంతుంటడమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే చిన్నోడు "పదిహేడు!" అని అరిచాడు. ఎక్కించి చూస్తే 18 దాటింది. అత్తమ్మ నా వంక చూసి, ఇంకో ముద్ద వేయించింది.